గంగమ్మ జాతరకు వీల్‌చైర్‌లో వెళ్లాలి. కమిటీకి ఇచ్చే కాగితంలో ఏమేమి రాయాలి?

తాతయ్యగుంట ఆడపడుచు
ఏప్రిల్ 11, రాత్రి 9.40

అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద ఉత్తరమే రాస్తున్నాను, ఓపికగా చదవండి.

నేను తిరుపతిలో గంగమ్మ గుడి ఉన్న తాతయ్యగుంట దగ్గరే పుట్టి పెరిగాను. నలభై నాలుగేళ్లు. రెండో ఏట పోలియో వచ్చి రెండు కాళ్లూ పడిపోయాయి. తొమ్మిదో ఏట బర్డ్ అనే ఎముకల ఆసుపత్రిలో ఆపరేషన్లు చేశాక కాళ్లకు క్యాలిపర్లనే ఊతపట్టీలు కట్టుకుని, చంక కర్రలతో నడవడం నేర్చుకున్నాను. దాదాపు ముప్పై ఏళ్లు ఆ కర్రల మీద నడిచేసరికి భుజాలు అరిగిపోయాయి. ఏడేళ్లుగా వీల్‌చైర్ వాడుతున్నాను. ఇంటి ముందు గదిలో బట్టలు కుడతాను. కాలితో తొక్కే పని లేకుండా మిషన్ మోటారును మోచేతితో నొక్కేలా మా తమ్ముడు అమర్చి ఇచ్చాడు.

జాతర వస్తోందంటే నాకు నెల ముందే తెలుస్తుంది. ఆడవేషం మొక్కుకున్న మగవాళ్లు జాకెట్ల కొలతలకు వస్తారు. మగవాళ్ల భుజానికి జాకెట్ కుట్టడం వేరే పని, చంక దగ్గర గుడ్డ ఎక్కువ వదలాలి, లేకపోతే చెయ్యి ఎత్తి నాలుగు అడుగులు ఆడగానే కుట్టు పిగులుతుంది. ఏటా నలభై యాభై జాకెట్లు నా చేతి మీదుగా జాతరకు వెళతాయి. నేను వెళ్లి పదకొండేళ్లయింది.

ఆఖరిసారి వెళ్లింది మంగళవారం, అసలు జాతర రోజు. అప్పటికి ఇంకా కర్రలతో నడుస్తున్నాను. గోపురంలా అలంకరించిన సప్పరాలు తల మీద మోసుకుంటూ ఒక గుంపు వస్తోంది, దానికి దారి ఇవ్వాలని ముందువాళ్లు వెనక్కి, వెనకవాళ్లు ముందుకు తోసుకున్నారు. నా కర్ర ఒకటి జారి ఎవరి కాళ్ల కిందో పడిపోయింది. ఎవరో ఇద్దరు నన్ను ఒక్కమాట అడగకుండా చంకల కింద చేతులు వేసి ఎత్తుకుపోయి, సందు చివర ఒక అరుగు మీద కూర్చోబెట్టి వెళ్లిపోయారు. మేలు చేశామనే అనుకుని ఉంటారు. కానీ కర్రలు రెండూ లోపలే ఉండిపోయాయి. మా అక్క గుంపులో ఉంది, నా ఫోను ఆమె సంచిలో ఉంది. రెండు గంటలు ఆ అరుగు మీదే కూర్చున్నాను. డప్పులు వినిపిస్తూనే ఉన్నాయి. ఆ రోజు భయం కంటే ఎక్కువగా మిగిలింది, నా శరీరాన్ని ఒక సామానులా పక్కకు జరిపారనే బాధ.

రెండేళ్ల కిందట మరో అనుభవం. ఊళ్లో ఒక మైదానంలో పెద్ద సంగీత కార్యక్రమం జరిగింది. ఎవరు జరిపారో చెప్పడం నా ఉద్దేశం కాదు. దివ్యాంగులకు ప్రత్యేక స్థలం ఉందని కరపత్రంలో వేశారు. అది చూసి ఎంత సంతోషించానో చెప్పలేను. నిజంగానే తాడు కట్టి, బోర్డు పెట్టి ఒక చోటు ఇచ్చారు. అది జనరేటర్ పక్కన ఉంది. మా అక్కను లోపలికి రానివ్వలేదు, ఆమె మామూలు కుర్చీల్లోనే కూర్చోవాలన్నారు. మరుగుదొడ్లు మైదానానికి అవతలి చివర, రెండు మెట్ల పైన.

ఇక్కడ ఆడవాళ్లు కొందరైనా నా మాట అర్థం చేసుకుంటారు. నేను పెళ్లికి వెళ్లాలన్నా, సభకు వెళ్లాలన్నా ఆ ఉదయం నుంచి నీళ్లు తాగను. కాఫీ కూడా తాగను. మే నెల తిరుపతి ఎండలో కూడా అంతే. నాకు తెలిసిన వీల్‌చైర్ ఆడవాళ్లందరూ ఇదే చేస్తారు, ఒకరికొకరు చెప్పుకోకుండానే అందరూ నేర్చుకున్న పద్ధతి ఇది. దాహంతో తల నొప్పి వస్తుంది, మూత్రంలో మంట వస్తుంది, తరువాత మందులు వాడుకోవాలి. ఒక పాట వినడానికి చెల్లించే ధర ఇది. టికెట్ మీద ఎక్కడా రాసి ఉండదు.

కార్యక్రమం అయిపోయాక ఇంకో సంగతి జరిగింది. లోపలికి తీసుకువచ్చిన వలంటీర్లు ఇళ్లకు వెళ్లిపోయారు. మేము వచ్చిన గేటు మూసేశారు. ప్రముఖుల కార్లన్నీ కదిలేదాకా గంటా పావు సేపు అక్కడే ఉన్నాం, నేనూ, మదనపల్లె నుంచి వచ్చిన ఒక ముసలాయనా, మూడు చక్రాల బండిలో వచ్చిన ఒక పిల్లవాడూ. లోపలికి ఎలా తీసుకురావాలో ఆలోచించినవాళ్లు బయటికి ఎలా పంపాలో ఆలోచించలేదు.

ఇక అసలు విషయం. మా వీధి యువకులు ఏటా జాతరకు షామియానా వేసి అంబలి, మజ్జిగ పంచుతారు. మొన్న కొలతలు తీస్తుంటే వాళ్లలో ఒక అబ్బాయి అడిగాడు, “అక్కా, ఇన్ని జాకెట్లు కుడతావు, ఒక్కసారైనా జాతరలో కనిపించవేమి?” అని. నేను పైన రాసినదంతా చెప్పాను. అతను చాలాసేపు మాట్లాడలేదు. మరుసటి రోజు కమిటీవాళ్లు నలుగురు వచ్చారు. “ఏమేమి కావాలో ఒక కాగితం మీద రాసివ్వు. మా చేతిలో ఉన్నది మేము చేస్తాం, లేనిది గుడివాళ్లతోనూ పోలీసులతోనూ మాట్లాడతాం” అన్నారు. జాతర మొదలైందని ఊరికి చెప్పే చాటింపుకు ఇంకా నెల ఉంది.

కాగితం ముందు పెట్టుకుని కూర్చుంటే నా చక్రాల గురించి తప్ప ఏమీ తోచడం లేదు. కళ్లు కనిపించనివాళ్లకు, వినిపించనివాళ్లకు ఏమి కావాలో నేను ఊహించి రాస్తే, నన్ను ఎత్తుకుపోయిన ఆ ఇద్దరికీ నాకూ తేడా ఉండదు. అందుకే అడుగుతున్నాను. మీరైతే ఆ కాగితంలో ఏమి రాస్తారు? ఉత్సవాల్లో, సభల్లో మీకు జరిగినదాన్ని బట్టి చెప్పండి.


గోవిందరాజ వీధి
ఏప్రిల్ 12, ఉదయం 6.55

అమ్మా, మీ బాధ చదివి మనసు బరువెక్కింది. కానీ ఒక మాట అంటాను, తప్పుగా తీసుకోవద్దు. 2025 జనవరి 8న వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల దగ్గర తొక్కిసలాటలో ఆరుగురు పోయారు. వాళ్లందరూ కాళ్లున్నవాళ్లే. అలాంటి రద్దీలోకి మీరు రావడం అవసరమా? తిరుమలలో వృద్ధులకు, దివ్యాంగులకు వేరే దర్శనం ఏర్పాటు ఉంది, ముందుగా టికెట్టు తీసుకుని ప్రశాంతంగా వెళ్లి రావచ్చు. జాతర టీవీలో చూడవచ్చు, లేదా జాతర అయ్యాక ఏ మామూలు వారమో గుడికి వెళ్లవచ్చు. అమ్మవారు ఎక్కడికీ పోదు కదా. మీ క్షేమం కోరే చెబుతున్నాను.


తాతయ్యగుంట ఆడపడుచు
ఏప్రిల్ 12, ఉదయం 8.20

అన్నా, మీరు క్షేమం కోరే చెప్పారని నమ్ముతున్నాను. అందుకే మనసులో ఉన్నది దాచకుండా జవాబు రాస్తున్నాను.

జనవరి 8 నాటి వార్త విన్నప్పుడు నేను కూడా ఏడ్చాను. కానీ దానివల్ల తేలేది వీల్‌చైర్లు రాకూడదని కాదు. గేటు తీసే పద్ధతి, జనాన్ని నిలిపే పద్ధతి మారకపోతే ఎవరికీ క్షేమం లేదని తేలుతుంది. కాళ్లున్నవాళ్లు పోయారని మీరే అన్నారు. వాళ్లను ఇంట్లో ఉండమని ఎవరూ చెప్పరు కదా.

తిరుమల ఏర్పాటు మంచిది, నేనూ వెళ్లాను. ఏ రోజు, ఎన్ని గంటలకు వెళ్లాలో ముందే తెలుస్తుంది, అదే దానిలో గొప్ప. కానీ అది దర్శనం. జాతర వేరు. గుడిలో అమ్మవారు ఏడాది పొడవునా ఉంటుంది, నిజమే. జాతర వారం మాత్రం అమ్మవారు వీధుల్లోకి వస్తుంది, ఊరు మొత్తం వేషం కడుతుంది. బైరాగి వేషం రోజు ఒంటినిండా తెల్లగా పూసుకుని పరుగెత్తే పిల్లలను నేను కిటికీలోంచి చూస్తాను. స్వామివారి చెల్లెలని గంగమ్మకు తిరుమల నుంచి సారె వస్తుంది. ఆడపడుచును తలచుకునే పండుగ ఇది. ఆ ఊరి ఆడపడుచునే అయిన నేను టీవీలో చూడాలా? నేను కుట్టిన జాకెట్ వేసుకుని మా ఎదురింటి అబ్బాయి ఆడుతుంటే, ఆ జనం మధ్య ఉండి చూడాలని ఉంది. దీనికి టీవీ బదులు కాదు.


పాత ఓవర్సీరు
ఏప్రిల్ 12, మధ్యాహ్నం 1.15

తల్లీ, ముప్పై ఏళ్లకు పైగా రోడ్లు, కాలువల పనులు చూసి రిటైరైనవాణ్ణి. ఉండేది మంగళం వైపు. నాకు తెలిసినది కొలతలే కాబట్టి అవే చెబుతాను. మీకూ టేపు పని తెలుసు కనుక సులభం.

ర్యాంప్ వాలు ఒకటికి పన్నెండు ఉండాలి. అంటే అడుగు ఎత్తు ఎక్కాలంటే పన్నెండు అడుగుల పొడవు పలక కావాలి. కమిటీల వాళ్లు అడుగు ఎత్తు మెట్టు మీద మూడడుగుల పలక ఆనించి ర్యాంప్ అంటారు. అది జారుడుబల్ల. వెనక్కి దొర్లితే తల పగులుతుంది. షామియానా కింద తొమ్మిది అంగుళాల వేదిక వేస్తే తొమ్మిది అడుగుల ర్యాంప్ కావాలి, నాలుగు అడుగుల వెడల్పు ఉండాలి, పక్కలకు చక్రం జారకుండా చిన్న అంచు కొట్టాలి. నా సలహా అడిగితే అసలు వేదికే వద్దనండి. ఎత్తు తగ్గించడం ర్యాంప్ కట్టడం కంటే చవక.

బారికేడ్ల మధ్య సందు కనీసం మూడడుగులు. మీ కుర్చీ వెడల్పు కొలిచేటప్పుడు చక్రం తిప్పే చేతుల పిడికిళ్లు కూడా కలిపి కొలవండి, అక్కడే అందరూ పొరపడతారు. క్యూలైను మలుపు తిరిగే చోట ఐదడుగులు లేకపోతే కుర్చీ తిరగదు. మూడు చక్రాల బండి ఇంకా పొడవు, దానికి మలుపులు లేని తిన్నటి దారి ఒకటి విడిగా వదలాలి.

వీటికంటే ముఖ్యమైనవి నేల మీద ఉంటాయి. కాలువ మీద కప్పిన బండల మధ్య సందుల్లో ముందు చిన్న చక్రాలు ఇరుక్కుంటాయి. జనరేటర్ తీగలు రోడ్డుకు అడ్డంగా పడేస్తారు, వాటిని పైనుంచి తీసుకుపోమని చెప్పండి. కొబ్బరి చిప్పలు, ఒలికిన అంబలి. అంబలి ఒలికిన చోట నడిచేవాళ్లే జారుతారు, చక్రానికి పట్టే దొరకదు. ఒక మూట రంపపు పొట్టు తెప్పించి దగ్గర పెట్టుకుంటే చాలు, ఒలికిన వెంటనే చల్లుకోవచ్చు.

మరుగుదొడ్డి గురించి మీరు రాసినది చదివి చాలాసేపు కదలలేకపోయాను. ఇన్నేళ్ల నా ఉద్యోగంలో జాతరలకు, సభలకు ఎన్ని తాత్కాలిక మరుగుదొడ్లు పెట్టించానో లెక్క లేదు. అన్నిటికీ మెట్టు ఉండేది. ఒక్కటైనా నేల మట్టానికి పెట్టించాలని ఆనాడు నాకు తోచలేదు. ఇప్పుడు చేయగలిగినది చెబుతాను. గుడికి దగ్గరలో నేల మట్టానికి స్నానాల గది, వెస్ట్రన్ కమోడ్ ఉన్న ఇల్లు ఒకటి చూసుకుని, ఆ ఇంటివాళ్లను బతిమాలి జాతర రోజుకు అడగండి. తలుపు వెడల్పు మూడడుగులకు దగ్గరగా ఉండాలి, లోపల కుర్చీ తిప్పుకునే చోటు ఉండాలి. కమోడ్ పక్కన గోడకు పట్టుకునే కడ్డీ నేను బిగించి ఇస్తాను. కడ్డీ ఖర్చు నాది.


తెల్లకర్ర
ఏప్రిల్ 12, రాత్రి 8.05

చిత్తూరు నుంచి రాస్తున్నాను. కాలేజీలో చరిత్ర చెబుతాను. పుట్టుకతో చూపు లేదు. ఫోను చదివి వినిపిస్తుంది, నోటితో చెప్పి రాయిస్తాను కాబట్టి అక్షరదోషాలుంటే మన్నించండి.

అక్కా, మీరు ఊహించి రాయకుండా అడగడం నాకు చాలా నచ్చింది. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి. 2016 చట్టం వాటిని ఇరవై ఒకటి చేసింది. అయినా ఏర్పాట్లు అనగానే అందరికీ ఒక్క వీల్‌చైర్ బొమ్మే గుర్తుకు వస్తుంది.

నేను దారిని చెవులతో చూస్తాను. మామూలు రోజున హోటల్ గిన్నెల చప్పుడు, బస్సు మలుపు తిరిగే శబ్దం, గోడ దగ్గర పడితే మారే నా అడుగుల చప్పుడు, ఇవే నా గుర్తులు. ఉత్సవంలో డప్పులు, నాలుగు వైపులా నాలుగు మైకులు మొదలయ్యేసరికి ఆ గుర్తులన్నీ మాయమవుతాయి. మీకు ఒక్కసారిగా కళ్లకు గంతలు కట్టినట్టు ఉంటుంది చూడండి, నాకు అప్పుడు అలా ఉంటుంది. డప్పులు ఆపమని నేను అడగను, డప్పులు లేని జాతరకు నేనెందుకు వస్తాను? మైకులను మాత్రం ఒకదాని మీద ఒకటి పడకుండా పెట్టమనండి. అందరికీ తెలిసిన ఒక్క చోటు ఉండాలి, గుంపులో తప్పిపోయినా “అంబలి షామియానా దగ్గరికి తీసుకెళ్లండి” అంటే ఎవరైనా తీసుకెళ్లగలిగే చోటు.

వలంటీర్లకు ఒక్క విషయం నేర్పండి. నా చెయ్యి పట్టి లాగకూడదు, కర్ర పట్టి అసలే లాగకూడదు. “నేను వలంటీరును, నా మోచెయ్యి పట్టుకుంటారా?” అని అడిగి, తన మోచేతిని నాకు అందించాలి. అప్పుడు అతను ఒక అడుగు ముందు నడుస్తాడు, మెట్టు ఎక్కితే అతని చెయ్యి పైకి లేవడం నాకు తెలుస్తుంది. నేర్పడానికి అయిదు నిమిషాలు పట్టదు.

తరువాత, చెప్పండి. అంతే. కాణిపాకం ఉత్సవాల్లో ఒకసారి పక్కనున్న ముసలమ్మ ఒకామె, నాకు కనిపించదని తెలిసి, వాహనం వస్తున్నంతసేపూ చెప్పింది. స్వామికి ఏ రంగు పట్టు కట్టారో, మల్లెలు ఎంత మందాన వేశారో, దివిటీ పట్టినవాడి చెమటతో సహా. నేను చూసిన ఉత్సవం అదొక్కటే అనిపిస్తుంది. మీ కమిటీలో మాట చాతుర్యం ఉన్న ఒక్కరిని ఆ పనికి పెట్టండి. సప్పరాన్ని దించినప్పుడు ఒకసారి చేత్తో తాకనివ్వండి.

చట్టం సంగతి ఎవరైనా అడిగితే: సౌకర్యాల కోసం సుప్రీంకోర్టుకు 2005లో వెళ్లిన రాజీవ్ రాతూరి కూడా చూపు లేనివారే. ఆ కేసులోనే 2024 నవంబరు 8న కోర్టు, ఈ ప్రమాణాలు ఇష్టమైతే పాటించే సలహాల్లా ఉంటే కుదరదని, తప్పనిసరి నియమాలు చేయాలని కేంద్రానికి మూడు నెలలు గడువు ఇచ్చింది. చట్టాన్ని ఉల్లంఘిస్తే మొదటిసారి పదివేల రూపాయల దాకా జరిమానా ఉంది, మళ్లీ చేస్తే యాభై వేల నుంచి అయిదు లక్షలు.


తాతయ్యగుంట ఆడపడుచు
ఏప్రిల్ 12, రాత్రి 10.30

సార్, ఆ ముసలమ్మ గురించి రాసినది మా అక్కకు చదివి వినిపించాను. ఆ చెప్పే పని తానే చేస్తానంటోంది. మాట ఆపడం కష్టం ఆమెకు, మీరు సిద్ధపడి రండి.

జరిమానాల సంగతి తెలుసుకోవడం మంచిదే, కానీ ఆ కాగితంలో రాయను. వీళ్లు మా వీధి పిల్లలు, నా గుమ్మం దగ్గరికి వచ్చి అడిగినవాళ్లు. మైదానం కచేరీ జరిపినవాళ్ల లాంటి పెద్ద నిర్వాహకులకు మాత్రం ఆ సెక్షన్ చూపించాల్సిందే.

ఓవర్సీరు గారూ, కడ్డీ మాట విని కళ్ల నీళ్లు వచ్చాయి. ఇల్లు వెతుకుతున్నాను.


అవిలాల అమ్మ
ఏప్రిల్ 13, ఉదయం 11.30

అక్కా, మా బాబుకు పన్నెండేళ్లు, పుట్టినప్పటి నుంచి వినిపించదు. బధిర పాఠశాలలో చదువుతున్నాడు. మూడేళ్ల కిందట ఒక తిరునాళ్లలో తప్పిపోయాడు. నలభై నిమిషాలు. మైకులో వాడి పేరు, చొక్కా రంగు పదిసార్లు చెప్పారు. వాడు ఆ మైకు స్తంభం కిందే నిలబడి ఉన్నాడు.

అప్పటి నుంచి వాడి మెడలో కార్డు వేస్తున్నాను. “నాకు వినిపించదు, ఈ నంబరుకు ఫోన్ చేయండి” అని పెద్ద అక్షరాలతో. మీ కాగితంలో రాయండి, మైకులో చెప్పే ప్రతి ముఖ్యమైన మాటా ఒక పలక మీద కూడా రాసి ఎత్తి పట్టుకోవాలి. నల్ల పలక, సుద్దముక్క ఉంటే చాలు. ముఖ్యంగా “వెనక్కి వెళ్లండి”, “ఈ దారి మూశారు” లాంటివి. ఆపద వచ్చినప్పుడు అందరూ ఒకవైపు పరుగెత్తితే మావాడు ఎందుకో తెలియక నిలబడిపోతాడు. ఎర్ర జెండా, పచ్చ జెండా పెట్టుకుని ముందే చెప్పి ఉంచితే వాడికే కాదు, డప్పుల మోతలో ఎవరికైనా పనికొస్తుంది.

మావాడి బడిలో పెద్ద పిల్లలు చాలా చురుకైనవాళ్లు. వాళ్లను సాయం పొందేవాళ్లుగా కాకుండా వలంటీర్లుగా పిలవండి. సంజ్ఞలు తెలిసినవాళ్లు ఇద్దరు షామియానా దగ్గర ఉంటే వినిపించనివాళ్లు ఎవరు వచ్చినా ముఖంలో వెలుగు వస్తుంది. మావాడు దొర వేషం వేస్తానని రెండేళ్లుగా అడుగుతున్నాడు. ఒంటికి చందనం పూసుకోవడానికి చెవులు అక్కర్లేదు కదా అని చేతులతో వాదిస్తాడు. నేనే భయపడి ఆపుతున్నాను.


క్యూలైను సేవకుడు
ఏప్రిల్ 13, రాత్రి 9.10

పదిహేనేళ్లుగా ఉత్సవాల్లో సేవకు వెళుతున్నాను. తిరుచానూరు పంచమి తీర్థం, తిరుమల గరుడసేవ, ఎక్కువగా క్యూలైన్ల దగ్గరే. గోవిందరాజ వీధి అన్నయ్య భయం అర్థం లేనిది కాదు, కానీ ఆ భయానికి పరిష్కారం వేరే ఉంది.

జనం ఎలా కదులుతారో చెబుతాను. చదరపు మీటరుకు ఇద్దరు ముగ్గురు ఉంటే మనిషి తన ఇష్టప్రకారం నడుస్తాడు. ఐదారుగురు దాటితే మనం నడవం, జనం మనల్ని నడుపుతారు. వెనకవాళ్లకు ముందు ఏమి జరుగుతోందో కనిపించదు, అందుకే తోస్తూనే ఉంటారు. గేటు తీసే క్షణమే అన్నిటికంటే ప్రమాదం. అప్పటిదాకా కూర్చున్నవాళ్లు ఒక్కసారి లేస్తారు. ఆ క్షణంలో, ఆ చోట వీల్‌చైర్ అస్సలు ఉండకూడదు. కుర్చీలో ఉన్నవారికీ ప్రమాదం, దాని మీద తట్టుకుని పడేవాళ్లకూ ప్రమాదం.

కాబట్టి ప్రధాన ప్రవాహానికి పక్కన ఒక జేబు లాంటి చోటు ఉండాలి. జేబుకు రెండు నోళ్లు కావాలి. ఒకటి జాతర వైపు, ఇంకొకటి వెనక సందులోకి. వెనక నోటికి తాళం వేయకూడదు, అక్కడ బండ్లు ఆపకూడదు, అక్కడ ఒక మనిషి చివరిదాకా ఉండాలి. మీ కచేరీలో జరిగిన తప్పు అదే. వలంటీరు డ్యూటీ కార్యక్రమం అయినప్పుడు అయిపోదు, తన జేబులోని ఆఖరి మనిషి ఇంటికి బయలుదేరినప్పుడు అయిపోతుంది. నేను కొత్తవాళ్లకు ఇదే చెబుతాను.

2016 చట్టంలో 8వ సెక్షన్, ఆపద సమయంలో వికలాంగులకు అందరితో సమానంగా రక్షణ ఉండాలంటుంది. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ పెద్ద గుంపుల నిర్వహణ మీద 2014లోనే ఒక మార్గదర్శిని తెచ్చింది. పోలీసులతో మాట్లాడేటప్పుడు ఈ రెండూ చెప్పండి, వినే తీరు మారుతుంది.

బండి గురించి మీరు రాయలేదు. మీకు పక్క చక్రాల స్కూటీ ఉందా? ఉంటే అది ఎక్కడ ఆపుతారో ముందే తేల్చుకోండి. జాతర రోజు వాహనాలను దూరంగా ఆపేస్తారు. కానిస్టేబుల్ కంటికి అది అన్నిటిలాంటి ద్విచక్ర వాహనమే. ముందే స్టేషన్‌లో చెప్పి, బండి నంబరుతో ఒక చీటీ రాయించుకోండి. వాళ్లు పట్టించుకోకపోతే కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వండి. నెల ముందు ఇస్తే రోజులు చాలుతాయి.


తాతయ్యగుంట ఆడపడుచు
ఏప్రిల్ 19, రాత్రి 9.00

వారం రోజులుగా తిరుగుతున్నాను, అందుకే జవాబు ఆలస్యమైంది.

కాగితం రెండు పేజీలయింది. ఆదివారం ఉదయం ఆరింటికి, ఎండ రాకముందే, మా మేనల్లుడిని తీసుకుని నా టైలరింగ్ టేపుతో బయలుదేరాను. షామియానా వేసే చోటు నుంచి గుడి వైపు సందు మొత్తం కొలిచాం. ఒక చోట కరెంటు స్తంభానికి, గోడకు మధ్య ముప్పై ఒక్క అంగుళాలే ఉంది. పిడికిళ్లతో కలిపి నా కుర్చీ ముప్పై. దూరుతుంది, కానీ ఎదురుగా మనిషి వస్తే లేదు. స్తంభాన్ని ఎవరూ కదపలేరు కాబట్టి జేబు ఆ స్తంభానికి ఇవతలే పెడుతున్నాం. గుడి ముందుదాకా వెళ్లడం ఈసారికి కుదరదు. అది రాయడానికి చెయ్యి రాలేదు, కానీ ఉన్నమాట ఇది.

కమిటీ చాలావాటికి ఒప్పుకుంది. వేదిక లేదు, అంతా నేల మట్టమే. వెనక సందు తాళం కమిటీ పెద్ద దగ్గర కాకుండా మా అక్క దగ్గర ఉంటుంది. పలక, సుద్ద, జెండాలు కొన్నారు. మాతో వచ్చేవాళ్లు మాతోనే ఉంటారు, తాడు కట్టి విడదీయడం లేదు. మైకుల విషయంలో ఒప్పుకోలేదు, పక్క వీధి మైకు తమ మాట వినదన్నారు. స్కూటీ చీటీ కోసం రేపు సోమవారం అర్జీ ఇస్తున్నాను, సేవకుడు అన్న చెప్పిన రెండు విషయాలూ అందులో రాశాను.

ఇల్లు దొరికింది. జేబుకు అయిదిళ్ల అవతల ఒక రిటైర్డు టీచరమ్మ ఉంది, ఆమె భర్తకు పక్షవాతం వచ్చినప్పుడు నేల మట్టానికి గది కట్టించుకున్నారు. ఆయన పోయి మూడేళ్లయింది, గది అలాగే ఉంది. విషయం చెప్పగానే ఆమె నా మాట పూర్తికాకముందే తలుపు తీసి చూపించింది. ఓవర్సీరు గారూ, కమోడ్ కుడి పక్క గోడ ఇటుకదే, కడ్డీ పడుతుంది. గురువారం వస్తారా? నా దగ్గర మజ్జిగ తాగి వెళ్లాలి. ఆ మంగళవారం నేను కూడా తాగుతాను, ఉదయం నుంచి, ఎంత కావాలంటే అంత.

చెల్లీ, మీ బాబు కొలతలు పంపండి. దొర వేషానికి జాకెట్ అక్కర్లేదు, తెలుసు. మంగళవారం వలంటీరుగా వస్తాడు కదా, పచ్చ గుడ్డ మీద “వినిపించదు, చూపించండి” అని ఎర్ర దారంతో రాసి ఒక చొక్కా కుడతాను. వాడికి నచ్చకపోతే ఏమి రాయాలో వాణ్ణే అడిగి చెప్పండి.

లెక్చరర్ సార్, చిత్తూరు నుంచి బస్సు దిగాక ఫోన్ చేయండి, మా మేనల్లుడు బస్టాండ్‌కు వస్తాడు. మోచెయ్యి ఎలా ఇవ్వాలో మీరు రాసినది చదివి, రెండు రోజులుగా వాడు ఇంట్లో అందరికీ కళ్లు మూయించి నడిపిస్తున్నాడు.